మంచం పక్క చిన్న బల్ల: ఏ చెక్క, ఏ కూర్పు, ఏ పూత

మంచం పక్కన పెట్టుకునే చిన్న బల్ల మోసే బరువు పెద్దదేం కాదు. నీళ్ళ చెంబు, ఫోను, కళ్ళజోడు, మందుల డబ్బా, ఒకటో రెండో పుస్తకాలు. దాన్ని పాడుచేసేవి వేరే ఉన్నాయి. రోజూ గది తుడిచే తడిగుడ్డ కాళ్ళకు తగులుతుంది. వేసవికీ వానాకాలానికీ మధ్య గాలిలో తేమ మారితే చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. రాత్రి లేచేటప్పుడు దానిమీద చెయ్యి ఆనించి పక్కకు నెడతాం. ఈ మూడూ తట్టుకుంటే ఆ బల్ల ఇరవై ఏళ్ళు నిలుస్తుంది.

బల్ల చేసుకోవాలనుకునేవాళ్ళు చాలామంది మొదట అడిగేది "టేకు వాడాలా, వద్దా" అని. అది అడగాల్సిందే, కానీ మూడోసారి. మొదట అడగాల్సింది చెక్క బాగా ఆరిందా అని. ఆ తర్వాత, కాలునూ పట్టీనీ ఎలా కలపాలి అని. ఆరని టేకు కంటే ఆరిన మామిడి నయం. ఖరీదైన చెక్కను వట్టి మేకులతో బిగించడం కంటే చవక చెక్కకు మంచి కూర్పు పెట్టడం నయం.

కొలతలు ముందు

ఎత్తు కోసం కేటలాగులు చూడొద్దు. పరుపు మీద మనిషి కూర్చున్నాక నేల నుంచి పరుపు పైభాగం దాకా కొలవండి. బల్ల పైపలక ఆ ఎత్తులోనే ఉండాలి, లేదా అంగుళం రెండంగుళాలు పైకి ఉండొచ్చు. కిందికి ఉంటే చీకట్లో చెయ్యి చెంబుకు తగిలి ఒలుకుతుంది. నవారు మంచానికి పదహారు, పద్దెనిమిది అంగుళాల బల్ల సరిపోతుంది. మందం పరుపు వేసిన ఈకాలపు మంచాలకు ఇరవై నుంచి ఇరవైనాలుగు కావాలి.

ఈ పోలికంతా ఒకే బల్లను దృష్టిలో పెట్టుకుని చేద్దాం. ఎత్తు 550 మి.మీ., పైపలక 400 × 400 మి.మీ., మందం 20. కాళ్ళు నాలుగు, ఒక్కోటి 530 పొడవు, 40 × 40 మందం. కాళ్ళ చట్రం బయటి కొలత 350, కాబట్టి పైపలక నాలుగు పక్కలా 25 మి.మీ. బయటికి ఉంటుంది. కాళ్ళను కలిపే పైపట్టీలు నాలుగు, 100 వెడల్పు, 20 మందం. కింద ఒక అర. ఆ అర నేలకు కనీసం 150 మి.మీ. పైన ఉండాలి. లేకపోతే చీపురు దూరదు, దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది.

అడితిలో చెక్కను అంగుళాల్లో, ఘనపుటడుగుల్లో అమ్ముతారు. పని మాత్రం మిల్లీమీటర్లలో చేయండి, తప్పులు తగ్గుతాయి. ఘనపుటడుగు లెక్క తేలికే: పొడవు అడుగుల్లో, వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగించాలి. పై బల్లకు రెండడుగుల 2 × 2 ముక్కలు నాలుగు, పట్టీలకూ అరకూ పైపలకకూ అంగుళం పలకలు. అన్నీ కలిపితే 0.67 ఘనపుటడుగులు వస్తాయి. రంపపు పొట్టుకూ చిత్రిక పొరలకూ ముడులు తీసేయడానికీ పాతిక శాతం కలుపుకుంటే 0.85 దాకా. ఒక ఘనపుటడుగు తెచ్చుకుంటే ఇబ్బంది ఉండదు. ఇంత చిన్న పరిమాణానికి డిపో వాళ్ళు పెద్దగా ఆసక్తి చూపరు. సా మిల్లులో మిగిలిన తుంటలు అడగండి. మనకు కావలసినవి రెండడుగుల లోపు ముక్కలే.

ఏ చెక్క

టేకు గొప్పదనం గట్టిదనంలో లేదు. తుమ్మ దానికంటే ఎంతో గట్టిది. టేకుకు పేరొచ్చింది అది తేమకు తక్కువ కదలడం వల్ల, చేవలో, అంటే మాను నడిమి ముదురు చెక్కలో, ఉన్న నూనె వల్ల చెదలు దాని జోలికి అంతగా పోకపోవడం వల్ల. ఈ రెండు గుణాలూ చేవకే ఉంటాయి. అంచున పాలిపోయిన తెల్లచెక్కకు టేకు అన్న పేరు తప్ప ఇంకేమీ ఉండదు, పురుగు తినేస్తుంది. ఆదిలాబాద్ అడవుల టేకు, గోదావరి టేకు, బల్లార్షా నుంచి వచ్చే టేకు అని పేర్లు చెప్పి ధర కడతారు. విదేశాల తోటల్లో త్వరగా పెంచిన టేకు కూడా మార్కెట్లో ఉంది. ఊరి పేరు వినడం కంటే పలక అడ్డకోత చూడడం మంచిది. వలయాలు దగ్గరగా ఉన్నాయా? తెల్లచెక్క పావువంతు మించి ఉందా? ఉంటే ఆ ధర ఇవ్వొద్దు. ఒక ఇబ్బంది కూడా తెలిసి ఉండాలి. టేకులో సన్నని ఇసుకలాంటి సిలికా ఉంటుంది, ఉలి పదును త్వరగా పోతుంది. ఆకురాయి పక్కనే పెట్టుకుని పని చేయాలి.

వేప మన పల్లెల్లో ఎక్కడైనా దొరుకుతుంది, ధర తక్కువ, చేవ చాలాకాలం మన్నుతుంది. చిక్కంతా దాని నారతో. అది ఒక దిక్కున పోదు, అల్లుకుని ఉంటుంది. చిత్రిక పడుతుంటే ఒక బెత్తెడు నున్నగా వస్తుంది, ఆ పక్క బెత్తెడు పెచ్చులు లేస్తుంది. దీనికి చిత్రిక ఆకు బాగా నూరి, పొర పలుచగా తీయాలి. చివరి నునుపు గరుకు కాగితంతోనే తెచ్చుకోవాలి. వేప కాళ్ళకు బాగుంటుంది. పైపలకకు మాత్రం తిన్నగా నార ఉన్న ముక్కలు ఏరుకోవాలి.

మామిడి కోతకూ చిత్రికకూ లొంగుతుంది. రంగు వేయాలనుకునేవాళ్ళకు అంతకంటే మంచిది దొరకదు. పుచ్చుపురుగుకు మాత్రం అది విందుభోజనం. కోసిన వెంటనే ఆరబెట్టకపోతే నీలిమచ్చలు కూడా పడతాయి. బోరాన్ మందు పట్టించిన మామిడే కొనండి. చెక్క మీద గుండుసూది తలంత రంధ్రాలు, తట్టగానే రాలే సన్నని పిండి కనబడితే ఎంత చవకైనా వదిలేయండి. ఆ పురుగు ఇంట్లో ఉన్న మిగతా చెక్కకూ పోతుంది.

నల్లతుమ్మ ఎడ్లబండి చక్రాలకూ నాగళ్ళకూ వాడిన చెక్క. చేతిపనిముట్లతో మొదటి బల్ల చేసేవాళ్ళకు అది వద్దు. బెజ్జం కొట్టడానికే రోజు పోతుంది. మరోవైపు కొండపల్లి, నిర్మల్ బొమ్మల పొణికి, ఏటికొప్పాక బొమ్మల అంకుడు కూడా మన చెక్కలే. పొణికి గోరు గుచ్చితే దిగేంత మెత్తన, బొమ్మకు అదే అందం, బల్లకాలికి పనికిరాదు. అంకుడు తరిణె మీద నునుపుగా తిరుగుతుంది గానీ, దాని చెట్టు చిన్నది, వెడల్పు పలకలు రావు.

ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చవక, తేలిక, కొత్తవాళ్ళ చేతికి అనువైనది. మెత్తనిది కాబట్టి పైపలక మీద గాట్లు పడతాయి. సరుకుల కింద పెట్టే ప్యాలెట్ల చెక్క వాడేట్టయితే దానిమీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, వాడొచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించింది, పడకగదిలోకి తేవద్దు. ముద్రే లేకపోతే అదీ వద్దు.

రబ్బర్‌వుడ్ పలకలు చిన్న ముక్కలను వేళ్ళ కూర్పుతో అతికించి వెడల్పుగా చేసి అమ్ముతారు. పైపలక అతికించుకునే పని తప్పుతుంది, అదే దాని పెద్ద లాభం. నీరు నిలిస్తే బూజు పడుతుంది కాబట్టి కాళ్ళకు వాడొద్దు.

ఇక పాత చెక్క. పెంకుటిళ్ళు కూల్చినచోట దూలాలు, వాసాలు, ద్వారబంధాలు అమ్ముతారు. కోస్తాలో వాటిలో బర్మా టేకు కూడా ఉంటుంది. దశాబ్దాలపాటు ఆరిన చెక్క అది, వంకరపోవడం తక్కువ. కొత్త టేకు కొనగలిగినా ముందు అక్కడ వెతకమనే మా సలహా. మేకులు లోపల విరిగి ఉంటాయి. అయస్కాంతంతో ప్రతి ముఖమూ తడిమి, అన్నీ పీకాకే రంపం పెట్టండి. ఒక్క మేకు రంపపు పళ్ళన్నీ తినేస్తుంది.

ప్లైవుడ్‌ది వేరే లెక్క. అది తేమకు దాదాపు కదలదు, కాబట్టి కిందకి చెప్పే చాలా జాగ్రత్తలు దానికి అక్కర్లేదు. 18 మి.మీ. ప్లైతో పెట్టెలాంటి బల్ల చేస్తే 9 నుంచి 10 చదరపు అడుగులు పడుతుంది, 8 × 4 షీటులో మూడోవంతుకు తక్కువే. వెనక్కి 6 మి.మీ. ప్లై రెండున్నర చదరపు అడుగులు. షీటు మీద ఐఎస్ 303, బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే రకం) అన్న ముద్ర ఉంటే చాలు. పక్కనే స్నానాలగది తలుపు ఉంటే ఐఎస్ 710 మెరైన్ ప్లై తీసుకోండి. చెక్క పొట్టునూ పొడినీ జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు, మామూలు ఎండీఎఫ్ వద్దే వద్దు. తడిగుడ్డ తగిలేచోట అంచు ఉబ్బి పొట్టు రాలుతుంది, ఒకసారి ఉబ్బితే తిరిగి కుదురుకోదు.

ఆరిందా అని ఎలా తెలుస్తుంది

చెక్క చుట్టూ ఉన్న గాలికి తగినంత తేమను పట్టి ఉంచుకుంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉండే విశాఖ, బందరు వానాకాలంలో చెక్కలో 15–16 శాతం తేమ నిలుస్తుంది. గాలి తేమ 40 శాతానికి పడిపోయే హైదరాబాద్, అనంతపురం వేసవిలో అదే చెక్కలో 7–8 శాతం. ఏసీ గది కూడా పొడిగదే అనుకోవాలి. అప్పుడే కోసిన దుంగలో ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అలాంటి చెక్కతో బల్ల చేస్తే ఆరునెలల్లో పైపలక మధ్యలో చీలుతుంది, కుసి, అంటే కాలి బెజ్జంలో దూరే పట్టీ కొస, వదులై కాలు ఊగుతుంది.

తేమ మీటరు లేకపోయినా ఇంట్లో కొలవొచ్చు. పలక చివర త్వరగా ఆరుతుంది, అక్కడి ముక్క మోసం చేస్తుంది. అందుకని చివరి నుంచి ఒక అడుగు లోపల రెండంగుళాల ముక్క కోసి వంటింటి త్రాసు మీద తూచండి. ఓవెన్‌లో 100–105 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా గంటకోసారి తూచండి. మొదట 118 గ్రాములుండి చివరికి 100 దగ్గర ఆగిందనుకుంటే, తగ్గిన 18ని ఆరిన బరువు 100తో భాగిస్తే 18 శాతం తేమ. లోతట్టు ఊళ్ళకు 10–12, కోస్తాకు 12–14 ఉంటే పని మొదలుపెట్టొచ్చు. ఎక్కువుంటే పలకల మధ్య రీపులు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, చివరలకు పాత పెయింటు పూసి నీడన వదిలేయండి. ఎండలో పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి పగుళ్ళు తీస్తుంది. ఆరిన చెక్కనైనా బల్ల పెట్టబోయే గదిలోనే రెండు మూడు వారాలు ఉంచి, అప్పుడు కోయండి.

కాలూ పట్టీ కలిసేచోటు

బల్ల ఎక్కడ పాడవుతుందో వెతికితే పదింట తొమ్మిదిసార్లు ఇక్కడే. నాలుగు దారులున్నాయి.

స్క్రూలూ ఫెవికాలూ అన్నిటికంటే త్వరగా అయ్యే పని. పట్టీ చివర అడ్డకోత. అక్కడ చెక్క జిగురును స్ట్రాలా పీల్చేసుకుంటుంది, అతుకు నిలవదు. కాబట్టి బరువంతా స్క్రూ మీదే. కాలి బయటి నుంచి తిన్నగా స్క్రూ కొడితే అది పట్టీ చివరి నారల మధ్య దూరుతుంది, నెట్టినప్పుడల్లా కొంచెం కొంచెం వదులవుతుంది. దీనికంటే ఏటవాలు బెజ్జానికి దారి చూపే పాకెట్ హోల్ జిగ్ కొని, పట్టీ లోపలివైపు నుంచి ఏటవాలుగా 32 మి.మీ. స్క్రూలు కాలిలోకి దించడం మేలు. పట్టీ ఒక్కో చివరకు రెండు. టేకుకూ వేపకూ సన్న మర ఉన్న స్క్రూ, పైన్‌కు పెద్ద మర ఉన్నది. గట్టి చెక్కకు ముందే సన్న బెజ్జం వేయకపోతే కాలు నిలువునా చీలుతుంది. స్క్రూకు కొద్దిగా కొవ్వొత్తి మైనం రాస్తే తల తిరిగిపోకుండా దిగుతుంది.

రెండోది చీలల కూర్పు, డోవెల్ అంటారు. 20 మి.మీ. పట్టీకి 8 మి.మీ. లావు, 40 పొడవు చీలలు, ఒక్కో కూర్పుకు రెండు. రెండువైపులా 21 మి.మీ. లోతు బెజ్జం. మొత్తం 42 అయితే చీల 40. ఆ రెండు మిల్లీమీటర్లు జిగురుకు చోటు, అది లేకపోతే జిగురు ఒత్తిడికి కాలు పగులుతుంది. గాట్లు ఉన్న చీలలే కొనమనేదీ అందుకే. పక్కపక్క పట్టీల చీలలు కాలి లోపల ఎదురుపడతాయి. 40 మి.మీ. కాలికి పట్టీని బయటి అంచు నుంచి 3 మి.మీ. లోపలికి పెట్టి, పట్టీ మందానికి నడుమ బెజ్జం వేస్తే, 23 మి.మీ. లోతు దాకా తగలవు. డ్రిల్ బిట్‌కు 21 దగ్గర టేపు చుట్టుకోండి, అదే మీ హద్దు. బెజ్జం కొంచెం పక్కకు పోతే పట్టీ వంకరగా నిలబడుతుంది, తర్వాత సరిచేయలేరు. ముందు పట్టీ చివరలో బెజ్జాలు వేసి, వాటిలో ముల్లున్న డోవెల్ సెంటర్లు పెట్టి, కాలికి ఆనించి నొక్కండి. ముల్లు గుచ్చినచోటే కాలి బెజ్జం. డ్రిల్లు నిటారుగా పట్టలేకపోతే గైడు జిగ్ కొనక తప్పదు.

మూడోది బెజ్జం కొట్టి కుసి దింపడం. మన వడ్రంగులు మంచం కోళ్ళకూ పట్టెలకూ, తలుపులకూ ద్వారబంధాలకూ తరతరాలుగా చేస్తున్న కూర్పు ఇదే. పట్టీ మందంలో మూడోవంతు కుసి. 20కి 6 లేదా 7. మీ దగ్గరున్న ఉలి వెడల్పే కుసి మందం, ఎందుకంటే బెజ్జాన్ని ఉలి నిర్ణయిస్తుంది. కుసి పొడవు 22, బెజ్జం లోతు 23. అంతకు మించితే లోపల రెండు బెజ్జాలూ కలిసిపోతాయి. పట్టీ పొడవు లెక్క: కాళ్ళ మధ్య 270, రెండు కుసులకు 44, మొత్తం 314. మొదట కోసేటప్పుడు 44 మరిచిపోవడం అందరూ చేసే తప్పు, ఆ పట్టీ ఇక దేనికీ పనికిరాదు. కాలి పైచివర 20 మి.మీ. అదనంగా వదిలి బెజ్జం కొట్టండి, అప్పుడు చివర చీలదు. బల్ల బిగించాక ఆ తుంటను కోసేయొచ్చు. కుసి పైన 15 మి.మీ. దాకా వెడల్పు తగ్గించండి, లేకపోతే బెజ్జం కాలి కొసకు తెరుచుకుపోతుంది.

బెజ్జం ముందే కొట్టాలి, కుసి తర్వాత తీయాలి. కుసిని పొరపొరగా పలుచన చేసుకోవచ్చు, బెజ్జాన్ని ఇరుకు చేయలేం. కుసి చేత్తో నొక్కితే బిగుతుగా దిగాలి. కొడతితో బాదితేగాని దిగడం లేదంటే ఆపి, ఇంకో పొర తీయండి. బాదితే కాలు చీలుతుంది. తనంతట తాను జారితే కుసి బుగ్గకు, అంటే దాని వెడల్పు ముఖానికి, పలుచటి చిత్రిక పొర జిగురుతో అంటించి మళ్ళీ సరిచేయండి. జిగురుతో ఖాళీ నింపుదామనుకోవద్దు.

జిగురు ఆరేదాకా బిగించి పట్టే క్లాంపులు లేనివాళ్ళకు ఈ కూర్పులో ఒక వెసులుబాటుంది. కాలికి అడ్డంగా 6 మి.మీ. బెజ్జం వేసి, కుసి దింపి, కుసి మీద ఆ చోటు గుర్తుపెట్టుకుని, కుసిని బయటికి తీసి ఆ గుర్తుకు ఒక మిల్లీమీటరు భుజంవైపు, అంటే కుసి మొదలయ్యే మెట్టువైపు, జరిపి బెజ్జం వేయండి. మళ్ళీ దించి, ముక్కు చెక్కిన వెదురు చీల కొడితే అదే పట్టీని కాలికి లాగి పట్టేస్తుంది. జిగురు వయసైపోయినా వెదురు చీల వదలదు.

నాలుగోది ప్లైవుడ్ పెట్టె. అరలు కూర్చునేచోట పక్కపలకల్లో 6 మి.మీ. లోతు గాడి తీసి, జిగురు పెట్టి, బయటి నుంచి 40 మి.మీ. స్క్రూ ఒక్కో అంచుకు మూడు. ప్లై అంచులో స్క్రూ పొరల మధ్య దూరితే విచ్చుకుంటుంది. 3 మి.మీ. బెజ్జం ముందే వేసి, స్క్రూ మందానికి నడుమ ఉండేలా చూడండి.

ఏది ఎంచుకోవాలి? డ్రిల్లు, ఒక రంపం, వారాంతంలో ఒక్కరోజు ఉన్నవాళ్ళకు ప్లై పెట్టె, లేదా పైన్‌తో పాకెట్ స్క్రూ. డ్రిల్లు నిలకడగా పట్టగలిగి, జిగ్ ఉంటే చీలలు. ఓర్పు, బాగా నూరిన ఉలి, నాలుగైదు రోజులు ఉంటే కుసి. అద్దె ఇళ్ళు మారుతూ, బల్లను లారీల్లో వేసి తిప్పేవాళ్ళు కుసి కూర్పే చేసుకోండి. సామాను దించేటప్పుడు ఒక కాలు పట్టుకుని ఎత్తేస్తారు, స్క్రూ కూర్పు దానికి ఎక్కువసార్లు ఆగదు. ఒక్కటి మాత్రం కలపొద్దు: పార్టికల్ బోర్డూ స్క్రూ. రెండోసారి విప్పి బిగిస్తే మర ఉండదు.

ఏ కూర్పైనా ముందు జిగురు లేకుండా మొత్తం కూర్చి చూడాలి. జిగురు పెట్టేటప్పుడు రెండు పక్క చట్రాలు ముందు, అవి ఆరాక వాటిని కలిపే పట్టీలు. నాలుగూ ఒకేసారి పెట్టబోతే మొదటి జిగురు గట్టిపడేలోపు చివరిది కుదరదు. చట్రం మూలనుంచి మూలకు రెండు దిక్కులా కొలవండి. తేడా ఒక మిల్లీమీటరు దాటితే పొడవైన మూలను లోపలికి నొక్కి సరిచేయండి. క్లాంపులు లేకపోతే పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టూ లాగి కట్టినా, తాడు రెండుచుట్లు కట్టి మధ్యలో కర్ర పెట్టి మెలితిప్పినా బాగానే పడుతుంది. గంటసేపు బిగింపులో, ఒకరోజు కదలకుండా. బయటికొచ్చిన జిగురును తడిగుడ్డతో వెంటనే తుడవండి. ఎండిపోయిన జిగురు మీద పూత అంటదు, తెల్లటి మచ్చలా మిగిలిపోతుంది. టేకుకు నూనె గుణం ఉంటుంది, చిత్రిక పట్టిన రోజే జిగురు పెట్టండి, ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి.

పైపలక కదలాలి

ప్లై కాని అసలు చెక్క పైపలకను కాళ్ళ చట్రానికి జిగురు పెట్టి అంటించేయడం ఈ బల్లల్లో అన్నిటికంటే తరచుగా కనిపించే తప్పు. టేకు పలక 400 మి.మీ. వెడల్పు ఉంటే, తేమ నాలుగు శాతం మారినప్పుడు నారకు అడ్డంగా సుమారు 3 మి.మీ. మారుతుంది. టేకు తక్కువ కదిలే చెక్క, మిగతావి ఇంకా ఎక్కువ. పొడవు దిక్కున మార్పు లెక్కలోకి రాదు. పలకను కదలనివ్వకపోతే అది తనను తాను చీల్చుకుంటుంది, లేదా పట్టీని కాలినుంచి పీకుతుంది.

దీనికి చవకైన పద్ధతి, పట్టీ లోపలివైపు మూలల్లో చిన్న చెక్కబిళ్ళలు స్క్రూ చేసి, వాటిలో 4 మి.మీ. స్క్రూకు 8 మి.మీ. పొడవు ఓవల్ బెజ్జం తీయడం. ఆ పొడవు పలక నారకు అడ్డంగా ఉండాలి. వాషరు పెట్టి బిగించండి, మరీ అదిమేయొద్దు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఓవల్ బెజ్జాల ఎల్ క్లిప్పులు కూడా ఇదే పని చేస్తాయి. ప్లైవుడ్ పైపలకకు ఇవేమీ అక్కర్లేదు, నేరుగా స్క్రూ చేయొచ్చు. రబ్బర్‌వుడ్ అతుకుల పలక మాత్రం అసలు చెక్కే. దానికి బిళ్ళలు కావాలి.

పలకను ఒకే వెడల్పు చెక్కతో కాకుండా 100–125 మి.మీ. పట్టీలు మూడు నాలుగు అతికించి చేస్తే వంగడం తగ్గుతుంది. అంచులు చిత్రిక పట్టి, రెండు పట్టీలు కలిపి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మధ్యలో సందు కనబడకూడదు.

సొరుగా, అరా

మొదటి బల్లకు సొరుగు వద్దు. కింద అర చాలు. సొరుగు పెడితే పని రెట్టింపవుతుంది. చెక్క సొరుగుకు వేసవిలో చేసేటప్పుడు పైన 2 మి.మీ. దాకా ఖాళీ వదలాలి, శ్రావణంలో అది ఉబ్బి పట్టేస్తుంది. ఎలాగైనా కావాలంటే సొరుగు జరిగే ఇనుప పట్టాలు, అంటే టెలిస్కోపిక్ చానల్, వాడండి. దానికి సొరుగు వెడల్పు, లోపలి ఖాళీ కంటే సరిగ్గా 25 లేదా 26 మి.మీ. తక్కువ ఉండాలి, ఒక్కో పక్క 12.5 నుంచి 13. అంతకంటే బిగుతైతే దూరదు, వదులైతే చానల్ లోపలి ఇనుప గుండ్లు దారి తప్పుతాయి.

పూత

ఇక్కడ రోజూ పైపలకను తాకేవి చూసి ఎంచుకోవాలి. చపడా, అంటే షెల్లాక్ పాలిష్, చూడ్డానికి అన్నిటికంటే అందమైనది. అర లీటరు స్పిరిట్‌లో వంద గ్రాములు వేసి రాత్రంతా నానబెట్టి, పల్చటి బట్ట ఉండతో పొరలు పొరలుగా పూయాలి. పాడైనచోట మళ్ళీ పూసుకోవచ్చు, ఆ గుణం మరే పూతకూ ఇంత సులువుగా లేదు. కానీ వేడి పాలగ్లాసుకు తెల్లటి వలయం పడుతుంది, శానిటైజర్ చుక్క పడితే కరిగిపోతుంది. వానలో పూస్తే మసకబారుతుంది. పుస్తకాలు మాత్రమే పెట్టే బల్లకు చపడా. చెంబూ మందులూ పెట్టే బల్లకు కాదు.

అవిసె నూనె చెక్క రంగును లోతుగా చూపిస్తుంది. పూసిన పావుగంటకు మిగిలినదంతా తుడిచేయాలి, లేకపోతే జిగటగా మిగులుతుంది. రెండు మూడు పూతలు, ఒక్కో పూతకు మధ్య రెండు మూడు రోజులు. నీటిని కొద్దిసేపే ఆపుతుంది. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పేది కాదు, చాలాచోట్ల జరిగింది. విప్పి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో ముంచి బయట పడేయండి.

పాలియురెథేన్ రకాలు, మన దుకాణాల్లో టచ్‌వుడ్ లాంటివి, పడకగది బల్లకు ఎక్కువమందికి సరైన ఎంపిక. 80, 120, 180 గరుకు కాగితాలతో నారవెంట రుద్ది, దుమ్ము తుడిచి, మొదటి పూతను థిన్నర్‌తో పలచన చేసి పూయండి. ఆరాక 320తో తేలిగ్గా రుద్ది మరో రెండు పూతలు. వాన పడుతున్న రోజు వద్దు. పైపలక కిందివైపు కూడా అన్నే పూతలు పూయాలి. పైన మాత్రమే పూస్తే కిందినుంచి తేమ పీల్చి పలక గిన్నెలా వంగుతుంది. టేకు, వేప పొట్టు కొందరికి దురద, తుమ్ములు తెస్తుంది. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి.

మామిడికీ పైన్‌కూ పెయింటు వేసుకోవడానికి సంకోచం వద్దు. ప్రైమర్ ఒకటి, ఎనామెల్ రెండు. పైన్ ముడుల మీద ముందు చపడా పూయకపోతే బంక పైకి వచ్చి పసుపు మచ్చలవుతుంది.

కాళ్ళ అడుగు

బల్ల నిలబెడితే ఒక కాలు లేచి ఊగుతుందా? నేల సమంగా ఉన్నచోట పెట్టి, లేచిన కాలి కింద అట్టముక్కలు దూర్చి పైపలకను మట్టానికి తేండి. పెన్సిల్‌ను పలుచటి చెక్కబిళ్ళ మీద పడుకోబెట్టి నాలుగు కాళ్ళ చుట్టూ ఒకే ఎత్తులో గీత గీసి, ఆ గీతకు కోయండి. కంటితో చూసి ఒక్కో కాలినే కోస్తూ పోతే బల్ల పొట్టిదవుతుందే తప్ప ఊగడం ఆగదు.

కోసిన ఆ అడ్డకోతలే రోజూ తడిగుడ్డ నీళ్ళు తాగేవి. గీత దాకా కోసిన వెంటనే అడుగు అంచులు కొంచెం గుండ్రంగా రుద్దండి, లేకపోతే లాగినప్పుడు పెచ్చు ఊడుతుంది. పాలియురెథేన్‌ను మూతలో పోసి ఒక్కో కాలిని అందులో అయిదు నిమిషాలు నిలబెట్టండి, నారలు పీల్చుకుంటాయి. ఆరాక మళ్ళీ ఒకసారి. ఆ తర్వాత నైలాన్ గుబ్బల మేకులు కాలి నడుమ కొట్టండి, ముందు సన్న బెజ్జం వేసి. గుడ్డ బిళ్ళలు అంటించొద్దు, అవి తడిని పట్టి ఉంచుతాయి.